కదలకూడని కారు

మా మావయ్యని కోర్టులో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. జడ్జిగారి నుంచి గేటు దగ్గర టీ అమ్మే మనిషి దాకా అందరికీ ఆయన తాళాలాయనే. నడుముకు తోలుపట్టా, ఆ పట్టాకు వేలాడుతూ ముప్ఫై ఎనిమిది తాళంచెవులు. మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది. "వీడు దొంగతనానికి పనికిరాడు, బయల్దేరాడంటే వీధంతా నిద్రలేస్తుంది" అనేది మా అమ్మ. సొంత తమ్ముడు కాబట్టి ఆవిడ ఏమన్నా చెల్లేది.

మాది పెద్ద కోర్టేం కాదు. హత్యలూ దోపిడీలూ మా గడప తొక్కవు. అద్దె ఇల్లు ఖాళీ చేయనివాడూ, చేయమన్నవాడూ, పాత కారు అమ్మినవాడూ, కొని నెత్తి కొట్టుకున్నవాడూ, పనిలోంచి పొమ్మన్న యజమానీ, పోనన్న పనివాడూ, అక్కచెల్లెళ్ళూ, ఆలుమగలూ. వీళ్ళే మా జనం. ఇలాంటి తగువుల్లో చాలావాటికి నడుమ ఒక వస్తువు ఉంటుంది. దాన్ని తెచ్చి కోర్టులో దించుతారు. తీర్పు వచ్చేదాకా అది వాళ్ళదీ కాదు, వీళ్ళదీ కాదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. ఈ రెండు ఏడుపులూ పూర్తయ్యేదాకా వస్తువు ఎక్కడుంటుందో మాత్రం సామెత చెప్పదు. నేను చెప్తాను. వెనక వరండా చివర సామాన్ల గదిలో, మా మావయ్య దగ్గర ఉంటుంది.

నేను ఆ కోర్టులోనే స్టెనోని. ఉద్యోగ ప్రకటన చించుకొచ్చి నా చేతిలో పెట్టింది మావయ్యే. నాకు నోరూ ఎక్కువే, వేళ్ళ వేగమూ ఎక్కువే. మొదటిది ఎవరికీ అక్కర్లేకపోయింది గానీ రెండోది ఉద్యోగం తెచ్చిపెట్టింది. నా గది సామాన్ల గది పక్కనే. మధ్యాహ్నాలు టైపు చేసి చేసి వేళ్ళు మొద్దుబారితే వెళ్ళి మావయ్య స్టూలు మీద కూర్చునేదాన్ని. 

ఆ గదిలో కూర్చుంటే బయట కేకలు వినపడేవి కాదు. పై కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి, ఒక్కో వస్తువునీ పలకరించుకుంటూ నడిచేది. అద్దెకున్నవాళ్ళు కదలడం లేదని ఇంటాయన ఊడదీసి పట్టుకుపోయిన వీధి తలుపు గోడకి ఆనించి ఉండేది. ఆ తలుపు తెరిస్తే ఏం కనపడుతుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. పనిలోంచి తీసేసినా తిరిగి ఇవ్వనన్న వాచ్‌మన్ టోపీ, ఈల. నాదంటే నాదని అక్కచెల్లెళ్ళిద్దరూ జుట్లు పట్టుకున్న ఉయ్యాల తొట్టి. నాలుగూ ఇరవైకి ఆగిపోయిన గోడ గడియారం. దానికి కీ ఇవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే నాలుగూ ఇరవైకి ఆగడమే ఆ కేసు. అన్నీ తమని తీసుకెళ్ళేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కునుకు తీస్తున్నట్టు ఉండేవి. మావయ్య వాటి మధ్య మెత్తగా నడుస్తూ, దేన్నీ కదపకుండా దుమ్ము తుడిచేవాడు. ప్రతిదానికీ ఒక చీటీ, చీటీకో నంబరు, నంబరుకో రిజిస్టరు, రిజిస్టరుకో తాళం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పుడు అక్షరం రాయలేదని ఆయన గర్వం. అది ఒట్టి గర్వం కాదు, నిజమే.

ఆ మనిషి సాయంత్రం ఇంటికెళ్ళాక వేరే మనిషి అయితే బాగుండేది. అవలేదు.

మా అత్తయ్య ఇల్లు వదిలింది ఆ చీటీల వల్లే. నేను ఆ ఇంట్లో కత్తెర మీద పద్నాలుగు అన్న అంకె చూశాను. దుప్పట్ల బీరువాకి తాళం, మందుల పెట్టెకి తాళం, పంచదార డబ్బాకి కూడా తాళం. పంచదారకి తాళం వేసేవాణ్ణి ఎవరైనా పిసినారి అనుకుంటారు. మావయ్య పిసినారి కాదు. అడిగితే డబ్బాకి డబ్బా ఇచ్చేస్తాడు. అడగాలి, అంతే. పైగా తీసింది ఎంత, ఎందుకు అని ఒక పుస్తకంలో రాసుకుంటాడు. తిట్టడు, విసుక్కోడు, నవ్వుతూనే రాసుకుంటాడు. అత్తయ్య ఇరవై ఆరేళ్ళు అడిగింది. ఇరవై ఏడో ఏట అడగలేదు. ఊరి చివర ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే బడిలో టీచరుగా చేరి, ఆ బడి మేడ మీదే ఒక గది తీసుకుంది. పిల్లల్లేరు కాబట్టి ఎవరి కోసం ఆగాలన్న ప్రశ్నా రాలేదు.

ఆ గది ఒంటరిగా బతికే ఆడవాళ్ళకే ఇస్తారు. ఒంటరి అంటే మాట చాలదు, కాగితం కావాలి. అందుకని అత్తయ్య మా కోర్టులోనే, మేడ మీద హాల్లో కేసు వేసింది. ఇల్లు అడగలేదు, ఇంకేదీ అడగలేదు. భర్త నుంచి విడిగా బతకడానికి అనుమతి కాగితం ఒక్కటే అడిగింది. మావయ్య ఆ కాగితం ఇవ్వొద్దన్నాడు. "నా భార్య నాతోనే ఉండాలి" అని జవాబు దాఖలు చేశాడు. కళ్ళజోడు లాయరు ఒకాయన ఆయన తరఫున నిలబడ్డాడు. కేసు శుక్రవారం శుక్రవారం పిలిచేవాళ్ళు, పిలిచినప్పుడల్లా వాయిదా వేసేవాళ్ళు. బడివాళ్ళు కూడా అత్తయ్యకి ఏడాది చొప్పున గడువు పొడిగిస్తూ వచ్చారు.

ఇక కారు సంగతి. వెనక పెరట్లో, నా కిటికీకి రెండు బారల దూరంలో ఒక కారు ఉండేది. రంగు వెలిసి ఆకాశం రంగూ కాకుండా బూడిద రంగూ కాకుండా మధ్యలో ఆగింది. ఒక నర్సమ్మ దాన్ని కొన్నది. కొన్నాక, అది అంతకుముందు గుద్దుకుని సగం కొత్తగా కట్టిన బండి అని తెలిసింది. అమ్మినవాడు దాచాడని ఆవిడ, చెప్పే అమ్మానని ఆయన. కారు సాక్ష్యం కాబట్టి మా పెరట్లోకి వచ్చి నాలుగేళ్ళయింది. ఊరికే ఉంచితే ఇంజను పాడైపోతుందని అప్పటి జడ్జిగారు ఒక ఆర్డరు రాశారు. టైపు చేసింది నేనే. "వారమునకు ఒక పర్యాయము పదిహేను నిమిషములు ఇంజను నడిపించవలెను. వాహనమును ఎట్టి పరిస్థితులలోను కదిలించరాదు."

మావయ్యకి డ్రైవింగ్ రాదు. సైకిలు తప్ప ఆయన ఏదీ తొక్కలేదు, తోలలేదు. అయినా ప్రతి శుక్రవారం సరిగ్గా మూడు గంటలకి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చునేవాడు, తాళం తిప్పేవాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ఎదురుగా ఉన్న గోడ వంక చూస్తూ ఉండేవాడు. మూడుంపావుకి ఆపి, దిగి, రిజిస్టరు రాసుకునేవాడు. "3.00 నుండి 3.15 వరకు ఇంజను నడిపితిని. వాహనము కదలలేదు. లోపల కూర్చున్నవారు: ఒకరు." ఆ చివరి గడి ఆయన సొంతంగా గీసుకున్నది. రేపెవరైనా బండిలో ఎవరెక్కారని అడిగితే జవాబుండాలి కదా అనేవాడు. అడిగేవాడు ఎవడని నేను అంటే, "ఎవడో ఒకడు" అనేవాడు.

అత్తయ్య కేసు మొదలైన రెండో ఏడు వానాకాలంలో ఒక శుక్రవారం. పొద్దున పిలిచి వాయిదా వేశారు గానీ, తర్వాతి తేదీ చీటీ సాయంత్రానికి గానీ ఇవ్వరు. వరండా అంతా కారుతోంది. బెంచీల మీద నీళ్ళు. అత్తయ్య గొడుగు కూడా తెచ్చుకోలేదు, వెనక చూరు కింద నిలబడింది. మూడయింది. మావయ్య తలమీద ఫైలు పెట్టుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు. కూర్చున్నాడు. తాళం తిప్పాడు. చూరు కింద ఆవిడా, కారులో ఈయనా, నడుమ వాన. నేను కిటికీ దగ్గర టైపు ఆపేసి చూస్తున్నాను. మావయ్య వెనక్కి వంగి, వెనక తలుపు గడియ ఎత్తి, మళ్ళీ ముందుకు తిరిగిపోయాడు. రమ్మని అనలేదు. అత్తయ్య కాసేపు చూసి, వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు వాళ్ళు మాట్లాడుకోలేదు. ఆ తర్వాత నెలన్నర వాన లేని శుక్రవారాల్లో కూడా ఆవిడ వచ్చి కూర్చుంది, మాట్లాడుకోలేదు. పావుగంట కాగానే తలుపు తీసుకుని వెళ్ళిపోయేది. మింగలేక కక్కలేక నేను గిజగిజలాడిపోయేదాన్ని. ఆలుమగలు కోర్టుకెక్కి, ఆ కోర్టు కారులోనే కూర్చోవడం ఎక్కడైనా ఉందా అని నవ్వొచ్చేది. నవ్వుతూనే మూడెప్పుడవుతుందా అని గడియారం చూసేదాన్ని.

ఒక శుక్రవారం అత్తయ్య గొంతు వినపడింది.

"ఎక్కడున్నాం?"

మావయ్య గోడ వైపు చూశాడు. వానలకి ఆ గోడ మీద పెద్ద చెమ్మ మచ్చ ఒకటి తేలింది, అంచులు పచ్చగా, నడుమ నల్లగా.

"ఊరు దాటాం" అన్నాడు.

"ఎప్పుడు దాటాం? నాకు తెలీలేదే."

"నువ్వు నిద్రపోయావు."

"నేను బండిలో నిద్రపోను" అంది అత్తయ్య. "అది చెరువా?"

"చెరువే అనుకుంటా. పెద్దదే."

"పక్కనుంచి పోనివ్వండి. నెమ్మదిగా."

ఇంజను గొణుగుతోంది. కారు కదలడం లేదు. కానీ నేను ఒట్టేసి చెప్తాను, కిటికీ చట్టం పట్టుకుని నిలబడ్డ నాకు గోడే నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నట్టు అనిపించింది. చెరువు గట్టు పక్కనుంచి, చల్లగాలిలో, ఎవరూ ఎవర్నీ ఏదీ అడగని దారిలో వాళ్ళిద్దరూ వెళ్తున్నారు. మూడుంపావుకి ఇంజను ఆగింది. అత్తయ్య దిగి, వాయిదా చీటీ తీసుకుని, బస్సెక్కి తన గదికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ప్రతివారం, కిందటివారం ఆగిన చోటునుంచే బయల్దేరేవాళ్ళు. చెరువు వెనకపడింది. వేసవిలో చెమ్మ ఆరి గోడ పొరలు లేస్తే కొండలొచ్చాయి. "ముందు లారీ ఉంది, దాన్ని దాటకండి" అనేది ఆవిడ. "దాటను. దాటడం రాదు నాకు" అనేవాడు ఈయన. "దాటడమేంటి, మీకు నడపడమే రాదు" అని ఆవిడ నవ్వేది. మా అత్తయ్య నవ్వితే గొంతులోంచి చిన్న బుడుంగుమనే శబ్దం వస్తుంది. ఆ ఇంట్లో ఆ శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఇంకోసారి, "ఈ దారిలో సముద్రం వస్తుందా?" అని అడిగింది.

"వస్తే ఏం చేస్తావు?"

"దిగుతాను. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళదాకా వెళ్తాను. మిమ్మల్ని అడగను."

"అడగొద్దులే" అన్నాడు మావయ్య.

ఆ రోజు నేను ఇంటి కప్పు కారుతున్న ఒక అద్దె కేసులో తీర్పు టైపు చేస్తూ, "పడక గది నుండి సముద్రము కనబడుచున్నది" అని కొట్టేశాను. జడ్జిగారు ఎర్ర సిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి, ఏమీ రాయకుండా తిప్పి పంపారు. సిగ్గుపడాల్సింది పోయి, ఆ కాగితాన్ని చాలాకాలం దాచుకున్నాను.

ఇలా ఏడాది పైన గడిచింది. ఇంతలో బడివాళ్ళు అత్తయ్యకి చెప్పేశారు, ఈ ఏడాది చివరికి కాగితం రాకపోతే గది ఖాళీ చేయాలని. ఇక పొడిగించేది లేదన్నారు. అటు జడ్జిగారు కూడా ఈ కేసు ఇంక సాగనివ్వను, తేల్చేస్తానన్నారు.

సరిగ్గా అప్పుడే నేను వేలు పెట్టాను. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. మంచికి పోతే చెడు ఎదురైందని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఆ మాట నాకు రుచించదు. తప్పు నాది. ఒక సాయంత్రం సామాన్ల గదికి తాళం వేస్తూ మావయ్య, నాతో కాదు, ఆ తాళంతో అన్నట్టు, "ఆ పావుగంట రోజంతా ఉంటే బావుణ్ణు" అన్నాడు. ఆ రాత్రంతా నాకు ఆ మాటే. మర్నాడు రిజిస్టరు తెరిచాను. వానరోజు నుంచి చివరి గడిలో "ఇద్దరు" అని ఉంది. లెక్కపెట్టాను. యాభై మూడు శుక్రవారాలు, యాభై మూడు "ఇద్దరు"లు. ఒక్కటీ ఎగరగొట్టలేదు మహానుభావుడు. నా తల కోర్టు తల. అందులో ఏది పడ్డా సాక్ష్యంగానే కనిపిస్తుంది. ఇంతకాలం కలిసి కూర్చున్నవాళ్ళకి విడిగా బతకాల్సిన అవసరం ఏముందని ఏ జడ్జి అయినా అనకుండా ఉంటారా? అత్తయ్య ఇంటికొచ్చేస్తుంది, ఇద్దరూ నవ్వుకుంటారు, నేను తలుచుకుని తలుచుకుని మురిసిపోతాను. ఆ పేజీలన్నీ కాపీలు తీసి కళ్ళజోడు లాయరు చేతిలో పెట్టాను. ఆయనకి ఇంతకంటే ఏం కావాలి. దంపతులు తిరిగి కలిసి మెలుగుతున్నారు గనుక కేసు కొట్టేయమని ఒక అర్జీ రాశాడు. మావయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. అయినా సంతకం పెట్టాడు. ఆశ మనిషి చేత ఏదైనా చేయిస్తుంది.

ఆ కాగితాల నకలు అత్తయ్యకి చేరింది.

శుక్రవారం మూడింటికి ఆవిడ వచ్చింది. కారెక్కలేదు. మావయ్య పక్క అద్దం దించి ఉంది. ఆ అద్దం దగ్గర నిలబడి, మడిచిన కాగితాలు పైకెత్తి చూపించింది.

"రాసుకున్నారా?"

మావయ్య ఆ కాగితాల వంక చూశాడు.

"నేను కూర్చున్నదానిక్కూడా నంబరేశారా?"

"అది రూలే" అన్నాడు మావయ్య. "బండిలో ఎవరెక్కినా..."

"తెలుసు. ఇరవై ఆరేళ్ళు అదే రూలు." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను చెరువు చూస్తున్నాననుకున్నానండీ. మీరు నన్ను లెక్కపెడుతున్నారు."

వెళ్ళిపోయింది. ఎండలో పెరడు దాటి, గేటు దాటి, తిరిగి చూడకుండా. మావయ్య మాత్రం ఇంజను ఆపలేదు. పావుగంటా అలాగే కూర్చున్నాడు, చేతులు స్టీరింగు మీదే ఉంచి. గోడ గోడలాగే ఉంది. దిగి వచ్చి నా కిటికీ ముందు ఆగాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టాల్సింది.

"కాపీలు బాగా వచ్చాయా?" అని అడిగాడు.

ఇంటికెళ్ళి మా అమ్మతో చెప్తే, "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమే" అంది. తర్వాత ఇంకో మాట కూడా అంది. "వాడికి చెరువు చూడ్డం రాదు. చిన్నప్పుడు కూడా చేపలు లెక్కపెట్టేవాడు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

తర్వాత మూడు శుక్రవారాలు అత్తయ్య కేసు పిలిచినంతసేపు మేడ మీద ఉండి, చీటీ ఇచ్చేదాకా గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడేది. మావయ్య "ఒకరు" అని రాసుకునేవాడు. ఆయన తాళాల చప్పుడు కూడా మందగించింది. నేను వెళ్ళి అత్తయ్య కాళ్ళ మీద పడదామనుకున్నాను. పడితే ఆవిడ లేవదీసి నా మొహం కూడా తుడిచేది, అందుకే వెళ్ళలేదు. నాకు క్షమించే మొహాన్ని చూసే ధైర్యం లేదు.

నాలుగో శుక్రవారం కేసు తేలాల్సిన రోజు. మేడ మీద స్టెనో సెలవు పెట్టింది, నన్ను వేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. ఎడమ పక్క అత్తయ్య, చేతిలో సంచీ. కుడి పక్క మావయ్య, ఇస్త్రీ చొక్కా. జడ్జిగారు ఆడమనిషే, కాగితాలు నెమ్మదిగా చదివే మనిషి. కళ్ళజోడు లాయరు యాభై మూడు శుక్రవారాల గురించి అందంగా మాట్లాడాడు. అత్తయ్య తల దించుకుంది. గది పోతుందని ఆవిడకి అర్థమైపోయినట్టుంది. సంచీ పిడిని వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

జడ్జిగారు మావయ్యని బోనులోకి పిలిచారు.

"ఈ రిజిస్టరు మీరు రాసిందేనా?"

"నేనేనమ్మా."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అబద్ధం రాయలేదమ్మా."

లాయరు చిరునవ్వు నవ్వాడు.

"అంటే మీ భార్య మీతో కలిసి ఉండటానికి ఇష్టపడుతున్నట్టేగా" అన్నారు జడ్జిగారు.

మావయ్య నడుము దగ్గర తాళాలు తడుముకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. నా వేళ్ళు అక్షరాల మీద ఆగి ఉన్నాయి. ఏ జవాబొచ్చినా నేనే రాయాలి.

"కాదమ్మా" అన్నాడు.

లాయరు లేవబోయాడు. జడ్జిగారు కూర్చోమన్నారు.

"ఎంతమంది కూర్చున్నారో రాశానమ్మా. ఎందుకు కూర్చుందో రాయలేదు. దానికి నా దగ్గర గడి లేదు" అన్నాడు మావయ్య. "పావుగంట అయ్యాక తలుపు తీసుకుని వెళ్ళిపోవచ్చు. తనే తీసుకోవచ్చు. నన్నడగక్కర్లేదు. అందుకని కూర్చుందమ్మా. మా ఇంట్లో అలా ఉండేది కాదు."

లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆవిడ అడిగిన కాగితం ఇచ్చేయండి. ఆ అర్జీ మీద సంతకం నాదే, వెనక్కి తీసుకుంటున్నాను. తను అక్కడ బాగుందమ్మా. తను లేకపోతే నాకు బాగుండదు గానీ, అది వేరే సంగతి."

చివరి వాక్యం రాయమంటారా అన్నట్టు జడ్జిగారి వంక చూశాను. ఆవిడ తల ఊపారు. రాశాను. కళ్ళు మసకబారి రెండు అక్షరాలు తప్పు పడ్డాయి, దిద్దాను. జడ్జిగారు అత్తయ్యని ఏమైనా చెప్పుకుంటారా అని అడిగారు. అత్తయ్య లేచి నిలబడింది. సంచీ పిడిని వేలి నుంచి విప్పుకుంది.

"నాకు ఆ కాగితం చాలండి" అంది.

ఆ సాయంత్రమే కాగితం ఇచ్చేశారు. అత్తయ్య దాన్ని మడిచి సంచీలో పెట్టుకుని మెట్లు దిగింది. మావయ్య ఇంకో వైపు మెట్లు దిగాడు. మా కోర్టుకి రెండు వైపులా మెట్లుండటం ఎందుకో అంతకుముందు నాకు తెలియదు.

ఆ వారం మావయ్య నాతో పొడిపొడిగా మాట్లాడాడు. కోపం కాదు. అన్నం తింటున్నావా అంటే తింటున్నాననేవాడు. నిద్రపోతున్నావా అంటే పోతున్నాననేవాడు. రెండూ అబద్ధాలే, రిజిస్టర్లో రాసేవి కావు కాబట్టి ఆయనకి పాపం తగలదు. ఎవరూ లేని ఇంటికి రోజూ ఆరింటికి వెళ్ళేవాడు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. మేడ మీద ఇక ఆ కేసు లేదు. పిలుపూ లేదు, వాయిదా చీటీ లేదు. నర్సమ్మ కేసు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది, కాబట్టి మూడింటికి మావయ్య కారు దగ్గరికి వెళ్ళాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. ఎండ మెత్తబడి పెరడంతా తేనె రంగులో ఉంది. ఆయన తాళం తిప్పాడు. ఇంజను దగ్గి, అందుకుంది.

గేటు వైపు నుంచి అత్తయ్య వస్తోంది. తొందర లేదు. కుట్టుబడిలోంచి నేరుగా వచ్చినట్టుంది, భుజం మీద దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది. కారు దగ్గరికొచ్చి ఆగింది. మావయ్య అద్దంలోంచి ఆవిణ్ణి చూసి, కంగారుగా ఇంజను ఆపబోయి, ఆపకూడదని గుర్తొచ్చి ఆగాడు.

"ఏమైంది? కాగితంలో ఏమైనా తేడా వచ్చిందా?" అన్నాడు. 

"లేదు. గది నా పేరున రాసేశారు."

"మరి ఇవాళ వాయిదా లేదుగా."

"లేదు" అంది అత్తయ్య. తలుపు తీసింది. "అందుకే వచ్చాను."

నేను కిటికీ తలుపులు చప్పుడు కాకుండా దగ్గరకు వేసేశాను. ఇంజను చాలాసేపు వినిపిస్తూనే ఉంది. ఆ రోజు రిజిస్టర్లో మావయ్య ఏం రాశాడో నేను ఈనాటికీ చూడలేదు.